ప్లాస్టర్ కింద వాతలు

పెద్ద డాక్టరు మా అమ్మ కుడిచేయి పట్టుకుని పైకెత్తాడు. చుట్టూ నిలబడ్డ చిన్న డాక్టర్లకు, నర్సులకు ఆ చేతిని చూపించాడు. మణికట్టు మీద శనగగింజలంత మచ్చలు మూడున్నాయి. అమ్మకు చిన్నతనంలో కామెర్లు వస్తే ఎవరో ఇనుము కాల్చి పెట్టిన వాతలవి.

"చూడండి. వీళ్లింట్లో మందంటే ఇదే," అన్నాడాయన.

తర్వాత మంచం వైపు తిరిగాడు. మంచం మీద మా అక్క ఉంది. కడుపు ఆపరేషన్ అయ్యాక మొదటిసారి కట్టు విప్పింది ఆ పొద్దునే. బొడ్డు పైనుంచి కిందికి నిలువుగా కోసిన గాటు, దాని మీద నల్లదారం కుట్లు. కుట్లు బాగానే ఉన్నాయి, చీము లేదు. కానీ గాటుకు అటూ ఇటూ, అరచేయి వెడల్పున, చర్మం నల్లబారి ఉంది. అంచుల్లో బొబ్బలు లేచి చితికిపోయాయి. విప్పి పక్కన పెట్టిన ప్లాస్టర్ ఒక మూల జిగురు ఊడి ఉంది. అక్కడ కొంచెం బూడిద అంటుకుని ఉంది.

ఆ బూడిదను ఆయన వేలితో తీసి వెలుగులో పెట్టి చూశాడు. వాతలు ఎవరు పెట్టారని అమ్మను అడిగాడు. నువ్వే పెట్టావా, ఎవరినైనా పిలిపించావా అన్నాడు.

"వాతలు పెట్టలే సార్. ఊది పెట్టిన. దర్గాల ఇచ్చిన ఊది," అంది అమ్మ.

"ఊది పెట్టిన అని ఒప్పుకున్నది. తక్కింది కూడా నిదానంగా ఒప్పుకుంటది," అన్నాడాయన. ఒక చిన్న డాక్టరు నవ్వాడు. అమ్మను వార్డులోంచి బయటికి పంపమని, మళ్లీ ఆ మంచం దగ్గర కనిపిస్తే జబ్బుమనిషిని కూడా పంపించేస్తానని ఆయాతో చెప్పి, పెద్ద డాక్టరు పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. ఇదంతా జరుగుతున్నంతసేపూ అక్క మెలకువగానే ఉంది. పైకప్పు వైపు చూస్తూ పడుకుంది.

నేను పాల ఫ్లాస్కు పట్టుకుని మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను. ఆ తర్వాత చాలా ఏళ్లు పత్రికల్లో పనిచేశాను. మంత్రుల అబద్ధాలు విన్నాను, పోలీసుల అబద్ధాలు విన్నాను. అవి వింటే విసుగు వచ్చేది. ఒళ్లు మండింది మాత్రం ఆ రోజే. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

డెబ్భైల నడిమి కాలం అది. మా ఇల్లు పురానాపూల్ దగ్గర. బాపు పోయినప్పటి నుంచి బర్రెలను అమ్మే చూసుకునేది. నేను ఒక తెలుగు దినపత్రికలో సబ్‌ఎడిటర్‌గా కొత్తగా చేరాను. మధ్యాహ్నం డ్యూటీ, కాబట్టి పొద్దున ఇంటి పనులకు నేనుండేవాణ్ణి. అక్కను సంతోష్‌నగర్‌లో ఇచ్చాం. బావ ఒక సర్కారు కార్ఖానాలో ఫిట్టరు. వాళ్లింట్లో బావ, బావ తల్లి, అక్క, అంతే. బావ తల్లిని నేను అత్తమ్మ అని పిలిచేవాణ్ణి. ఆమె చెడ్డ మనిషి కాదు. లెక్క ప్రకారం నడిచే మనిషి. ఎవరి మాటైనా ఎందుకు నమ్మాలో చెప్తే నమ్ముతుంది, లేకపోతే లేదు.

అక్క రెండు రోజులు ఉండిపోదామని మా ఇంటికి వచ్చింది. వచ్చిన మర్నాడే కడుపునొప్పి మొదలైంది. ముందు వాము నమిలింది. తర్వాత వాంతులయ్యాయి. కడుపు ఉబ్బి డోలులాగా అయింది. అమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. పాలు పితకడం సగంలో వదిలేసి రిక్షా పిలిచి, పాతబస్తీలోనే ఉన్న ఒక ధర్మాసుపత్రికి తీసుకుపోయింది. ఆ ఆసుపత్రి పేరు చెప్పను. అది మూతబడి చాలాకాలమైంది, ఆ కట్టడంలో ఇప్పుడు బట్టల దుకాణాలున్నాయి. పేగు మెలికపడిందని, వెంటనే కోయాలని అక్కడ చెప్పారు. పెద్ద డాక్టరు ఊళ్లో లేడు. ఆయన కింద పనిచేసే ఒక యువ డాక్టరు ఆపరేషన్ చేశాడు. పొద్దున లోపలికి తీసుకుపోయిన మనిషిని మధ్యాహ్నం దాటాక బయటికి తెచ్చారు. బతికింది. ఇంకొంచెం ఆలస్యమైతే పేగు కుళ్లిపోయేదని ఆ యువ డాక్టరు అమ్మతో చెప్పాడు. అమ్మ ఆయన కాళ్లకు మొక్కబోతే వెనక్కి తగ్గాడు.

ఈ సంగతి మరిచిపోకూడదు. వాళ్లు అక్క ప్రాణం కాపాడారు. నేను దాన్ని కాదనడం లేదు. ప్రాణం కాపాడినవాళ్లు ఆ తర్వాత ఏం చేసినా నోరెత్తకూడదన్న మాటనే కాదంటున్నాను.

ఊది సంగతి చెప్పాలి. మా బస్తీ చివర ఒక చిన్న దర్గా ఉంది. పాలవాళ్ల ఇళ్లలో బర్రె ఈనితే మొదటి పాలు అక్కడికి వెళ్తాయి. పిల్లలకు దడుపు జ్వరం వస్తే అక్కడి ఊదే పెడతారు. ఎవరూ దీన్ని వింతగా చూడరు. ఆపరేషన్ తర్వాత వచ్చిన బేస్తవారం నాడు అమ్మ అక్కడికి వెళ్లి కాగితం పొట్లంలో ఊది తెచ్చింది. అక్క నుదుటికి పెట్టింది. అంతటితో ఆగలేదు. ప్లాస్టర్ ఒక మూల తనంతట తానే లేచి ఉంటే, ఆ సందులో వేలితో కాస్త అద్దింది. చేయకూడని పని. పుండు దగ్గర బూడిద పెట్టడం తప్పని నాకు తెలుసు. ఆ రోజే అమ్మకు చెప్పాను కూడా. "గింతంత ఊదికి ఏమైతది బిడ్డా," అంది.

వాతల సంగతి వేరు. తన చేతి మీద వాతలు పెట్టిన రోజు అమ్మకు బాగా గుర్తుంది. నలుగురు పట్టుకుంటే పెట్టారట. అందుకే మాలో ఎవరికీ పెట్టనివ్వలేదు. అక్కకు చిన్నప్పుడు కామెర్లొస్తే నాయనమ్మ వాతలు పెట్టే ముసలాయన్ను పిలిపించింది. అమ్మ పిల్లను చంకనేసుకుని, ఆయన వెళ్లేదాకా పక్కింట్లో కూర్చుంది. ఇంట్లో పెద్ద లొల్లి అయిందని నాయనమ్మే నాకు చెప్పింది, చాలా ఏళ్ల తర్వాత, కోపంగానే. అలాంటి మనిషి చెయ్యెత్తి పట్టుకుని ఆ డాక్టరు అందరికీ చూపించాడు.

ఆయన కోపానికి కారణం లేదని అనను. కామెర్లకని, ఫిట్స్‌కని పసిపిల్లల పొట్టల మీద కాల్చి, చివరికి కొనప్రాణంతో ఆసుపత్రికి తెచ్చేవాళ్లు ఆ రోజుల్లో ఉన్నారు. ఆయన అలాంటివాళ్లను చూసి చూసి ఉంటాడు. మచ్చలున్న చెయ్యి, బూడిద, పాలవాళ్ల ఇల్లు, ఈ మూడూ చూడగానే ఆయనకు కథ తయారైపోయింది. విలేకరిగా నాకు ఆ తొందర తెలుసు. కానీ విలేకరికి పైన అడిగేవాడు ఒకడుంటాడు. ఎవరు చూశారు, ఎప్పుడు, ఎలా అని. ఆయన్ను అడిగేవాడు ఆ వార్డులో లేడు.

అమ్మ ఆ రోజు నుంచి వార్డు బయట మెట్ల మీద కూర్చుంది. ఆయాకు అమ్మంటే జాలే, కానీ ఉద్యోగం భయం. మంచం దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి అత్తమ్మ వచ్చింది. వార్డులో అడుగుపెట్టేసరికి పక్క మంచాల వాళ్లు మొత్తం కథ చెప్పేశారు. అత్తమ్మ గాయాన్ని చూసింది. బూడిద మాట విన్నది. మెట్ల దగ్గరికి వచ్చి అమ్మను అడిగింది. ఊది పెట్టానని, వాతలు పెట్టలేదని అమ్మ చెప్పింది. అత్తమ్మ సరేనని తల ఊపి లోపలికి వెళ్లింది. సరేననడం నమ్మడం కాదని అమ్మకు అర్థమైంది.

అన్నిటికంటే కష్టమైంది తర్వాత జరిగింది. ఆయా భోజనానికి వెళ్లిన సమయం చూసి అమ్మ ఒకసారి లోపలికి వచ్చింది. అత్తమ్మ బట్టలు ఉతకడానికి వెళ్లింది. నేను అక్కకు బత్తాయి రసం తాగిస్తున్నాను. అక్క గ్లాసు పక్కకు జరిపింది.

"అమ్మా, నేను మత్తుల ఉన్నప్పుడు ఏమన్న చేసినవా?" అంది.

"నీ మీద ఒట్టు బిడ్డా. నీ ఒంటి మీద నేను నిప్పు పెడ్తనా?"

"నాకేం తెలుస్తది. నాకు సోయి లేదు," అంది అక్క.

అరవలేదు, ఏడవలేదు. నిజంగా తెలియక అడిగిన మనిషి మాట అది. ఆపరేషన్ తర్వాత మందులకు చాలాసేపు మగతలోనే ఉంది. ఆ మగతలో తన పక్కన ఉన్నది అమ్మ ఒక్కతే. అమ్మ వెళ్లి మెట్ల మీద కూర్చుంది. ఆ డాక్టరు అన్న మాటతో మా ఇంట్లో చెడింది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. చర్మం ఎలాగో మానుతుంది. మత్తులో పడి ఉన్నప్పుడు కన్నతల్లి తనను కాల్చిందా లేదా అన్న అనుమానం మానుతుందా.

నేను పెద్ద డాక్టరు గదికి వెళ్లాను. ఆయన టీ తాగుతున్నాడు. కూర్చోమన్నాడు, అది ఆయన మర్యాద. పత్రికలో పనిచేస్తానని చెప్పాను. నేను అడగదలచుకున్నది ఒకటే. కట్టు కట్టింది మీ థియేటర్‌లో. విప్పింది మీ నర్సు. మధ్యలో ఎవరూ విప్పలేదు. ఒక మూల లేచిందంతే. అరచేయి వెడల్పున, రెండు పక్కలా ఒకే తీరున, ప్లాస్టర్ కింద వాత ఎలా పెడతారు?

మీవాళ్లే విప్పి మళ్లీ అతికించి ఉంటారన్నాడాయన. ప్లాస్టర్ ఒకసారి ఊడితే మళ్లీ అంత గట్టిగా అంటుకోదు కదా అన్నాను. అయితే ఆపరేషన్‌కు ముందే పెట్టి ఉంటారన్నాడు. ఆపరేషన్‌కు ముందు కడుపు మీద వెంట్రుకలు గీసి, మందు పూసింది మీ మనుషులే, వాళ్లకు కనిపించలేదా అన్నాను. కప్పు కింద పెట్టాడు.

"పేపర్ల పనిచేస్తనంటివి గద. రాయి. మీ అమ్మ ఏం చేసిందో రాయి. నలుగురికి బుద్ధి వస్తది," అన్నాడు.

ఆపరేషన్ చేసిన డాక్టరుతో మాట్లాడవచ్చా అని అడిగాను. ఆయన సెలవులో ఉన్నాడన్నారు. సెలవు అయిపోయే రోజు మళ్లీ వెళ్లాను. వేరే ఊరికి మారిపోయాడన్నారు. ఏ ఊరని అడిగితే గుమాస్తా తెలియదన్నాడు.

నేను రాయలేదు, నా దగ్గర రుజువు లేదు కాబట్టి. కానీ వార్త వచ్చింది. మా పేపర్లోనే. పాతబస్తీ వార్తలు తెచ్చే విలేకరి ఆసుపత్రికి వెళ్లినప్పుడు పెద్ద డాక్టరు చెప్పాడట. లోపలి పేజీలో అడుగున చిన్న ముక్క. ఆపరేషన్ గాయంపై వాతలు పెట్టిన తల్లి, మూఢనమ్మకాలతో ప్రాణాల మీదికి తెస్తున్నారని డాక్టర్ల ఆవేదన. పేరు లేదు, ఊరు లేదు. 'పాతబస్తీకి చెందిన పాల వ్యాపార కుటుంబం' అని మాత్రం ఉంది. అది దిద్దిన రోజు నాకు వారపు సెలవు. డ్యూటీలో ఉంటే ఆ ముక్క నా బల్ల మీదికే వచ్చేది.

బావ ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నా ముందు పరిచి, ఇది మీ పేపరే గదా అన్నాడు. మా పేపరు ఒక్క డాక్టరు మాటే విని, ఇంటివాళ్లను అడగకుండా అచ్చేసిందని నేను ఆయనకు చెప్పనా.

మా ఎడిటర్ దగ్గరికి వెళ్లి సవరణ వేయమన్నాను. ఆయన పెద్దమనిషి, నన్ను కొడుకులాగా చూసేవాడు. నేను చెప్పిందంతా విన్నాడు. చివరికి అన్నది ఏమిటంటే, వార్తలో పేరు లేదు, పేరు లేని వార్తకు సవరణ ఎవరి తరఫున వేస్తాం అని. వేస్తే అది మీ అమ్మే అని మనమే ఊరందరికీ చెప్పినట్టవుతుంది అన్నాడు. ఆలోచిస్తే అదీ నిజమే. అందుకే ఇంకా కోపం వచ్చింది. పేరు పెట్టకుండా తిడితే తిట్టినవాడికి ఏ బాధ్యతా లేదు, తిట్టించుకున్నవాడికి నోరు లేదు.

అక్కను ఆసుపత్రి నుంచి పంపించే రోజు వచ్చింది. మామూలుగానైతే ఆపరేషన్ అయిన ఆడపిల్ల తల్లిగారింటికి వచ్చి ఒళ్లు బాగయ్యేదాకా ఉంటుంది. అక్క సంతోష్‌నగర్‌కే వెళ్లింది. ఒట్టిగనే పంపుతలేమని అనుకోవద్దని అత్తమ్మ అమ్మతో మంచిగానే చెప్పింది. పుండు మానినంక పంపుతమన్నది. నల్లబారిన చర్మం ఎండి, పెచ్చులాగా ఊడి, కింద ఎర్రటి పచ్చిపుండు తేలింది. అది పూడడానికి నెలలు పట్టింది. లంగా నాడా సరిగ్గా ఆ మచ్చ మీదికే వచ్చేది. అక్క పైకి కట్టుకునేది, కిందికి కట్టుకునేది, ఎక్కడ కట్టుకున్నా రాసుకునేది. చివరికి ఇంట్లో ఒక గుడ్డముక్కను మడిచి నాడా కింద పెట్టుకుని తిరిగేది.

ఇక మిగిలిన దారి ఒకటి. మా పత్రికలో వారం వారం ఆరోగ్యం మీద రాసే ఒక డాక్టరమ్మ ఉండేది. జిల్లా ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి ఆపరేషన్లు చేసి రిటైరైన ముస్లిం పెద్దావిడ. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, రాయడం రాదు. ఆమె చెప్తుంటే నేను వాళ్లింటికి వెళ్లి రాసుకొచ్చేవాణ్ణి. ఒకరోజు వ్యాసం అయిపోయాక ఈ సంగతంతా చెప్పాను. మచ్చలు ఎక్కడ ఉన్నాయో కాగితం మీద గీసి చూపించమన్నది. గీశాను. గాటుకు ఎంత దూరంలో ఉన్నాయని అడిగింది. దూరం లేదు, గాటు అంచు నుంచే మొదలవుతాయన్నాను.

"చెయ్యి చాపు బేటా," అన్నది.

బల్ల మీద పెద్ద స్టీలు గరిటె ఉంది. దాని కాడను అడ్డంగా నా ముంజేతి మీద పెట్టి, తన రెండు బొటనవేళ్లతో నొక్కింది. మాట్లాడుతూనే ఉంది. కడుపు కోసిన తర్వాత లోపల పని చేయాలంటే గాటు అంచులను రెండు పక్కలకు లాగి పట్టాలి. దానికి రిట్రాక్టరు అని ఒక పరికరం, వంచిన స్టీలు రేకు లాంటిది. ఒక్కోసారి మనిషి పట్టుకుని లాగుతాడు. ఒక్కోసారి మర బిగిస్తే అదే పట్టుకుని ఉంటుంది. గరిటె తీసింది. నా చేతి మీద తెల్లటి చార, పక్కన ఎర్రటి అంచులు. కాసేపటికి రంగు తిరిగి వచ్చింది.

"గింతసేపటికే రక్తం ఆగి తెల్లబడ్డది. పొద్దటి నుంచి మధ్యాహ్నం దాక బిగించి పెడితే? నీకైతే నొప్పి తెలుస్తది, చెయ్యి గుంజుకుంటవ్. మత్తుల ఉన్నోళ్లు అబ్బా అని గూడ అనలేరు. వాళ్ల తరఫున మనమే అనాలె."

తర్వాత నా రుమాలు అడిగి, తడిపి, మడతపెట్టి నా చేతి మీద వేసి, దాని మీద గరిటె నొక్కింది. చార పడలేదని చెప్పను, పడింది. కానీ మెత్తగా, వెడల్పుగా, లేతగా పడింది. తను చేసేదంతా ఇంతే అన్నది. రేకుకూ చర్మానికీ మధ్య తడిపిన మందపాటి గుడ్డ. గాటు పొడవుకు తగిన రేకే వాడడం, పెద్దది ఇరికించకపోవడం. మధ్యమధ్య మర వదులు చేసి, చర్మానికి రక్తం తిరిగి రానిచ్చి మళ్లీ బిగించడం. రేకు పట్టుకున్నవాడు అలసిపోయి ఒళ్లంతా దాని మీద వాల్చితే పక్కకు జరపడం. పనిముట్లు మరిగించిన డబ్బాలోంచి తొందరలో తీస్తే, చల్లారిన శుద్ధి నీళ్లలో ముంచి, చేతి వెనకవైపు ఆనించి చూసుకున్నాకే వాడడం.

మరిగిన రేకు అనగానే నేను ఆమె ముఖం వైపు చూశాను. వేడి రేకు వల్ల కాలిన చర్మాన్ని తను రెండు చోట్ల చూశానన్నది. దళసరి స్టీలు లోపల వేడిని చాలాసేపు దాచుకుంటుంది, పట్టుకునే కాడ ముందే చల్లారుతుంది, చేతికి తొడుగు ఉంటుంది కాబట్టి పట్టుకున్నవాడికి తెలియదు అన్నది. అక్కది ప్రాణం మీదికొచ్చిన ఆపరేషన్, తొందరలో చేసింది. వేడి రేకే పెట్టి ఉండొచ్చు. లేదా చల్లటి రేకే గుడ్డ లేకుండా గట్టిగా బిగించి ఉండొచ్చు. ఇన్ని నెలల తర్వాత మచ్చను చూసి రెండిట్లో ఏదో తేల్చడం ఎవరి వల్లా కాదు.

అంటే మా అమ్మ మీద వేసిన తప్పు ఆ ఆపరేషన్ గదిలో జరిగిందే. ఇనుము, వేడి, లేదా ఇనుము, బరువు, రెండిట్లో ఏదైనా వాళ్లదే. వాళ్ల చేతిలో పొరపాటు జరగడం నాకు నేరంగా అనిపించలేదు. పోయే ప్రాణాన్ని పట్టుకుంటున్నప్పుడు చర్మం వైపు చూపు పోకపోవచ్చు. డాక్టరమ్మ కూడా అదే అన్నది. కానీ పని అయిపోయి, కట్టు కట్టే ముందు, ఒకసారి చర్మం చూడాలె అన్నది. చూసి, ఏదైనా ఉంటే బయట కూర్చున్న మనిషికి చెప్పాలె. ఇక్కడ ఒత్తిడికి కమిలింది, నాలుగు రోజుల్లో నల్లబడొచ్చు, భయపడకు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఆ రెండు ముక్కలు అమ్మకు చెప్పి ఉంటే, కట్టు విప్పిన రోజు ఎవరి చెయ్యీ ఎవరూ ఎత్తి చూపించేవారు కాదు.

నేను అడగకుండానే, వచ్చి చూస్తానన్నది. ఆదివారం రిక్షాలో సంతోష్‌నగర్ తీసుకుపోయాను. అమ్మను కూడా రమ్మన్నాను, వచ్చి వాకిట్లో కూర్చుంది. లోపలి గదిలో అక్కను పడుకోబెట్టి డాక్టరమ్మ చాలాసేపు చూసింది. నేనూ బావా ముందు గదిలో ఉన్నాం, తలుపుకు పరదా ఉంది, మాటలన్నీ వినిపిస్తున్నాయి. వాత పెట్టేవాళ్లు చుక్కలాగానో గీతలాగానో పెడతారని, కుట్ల పక్కపొంటి ఇంత సీదాగా, రెండు దిక్కులా ఒక్క కొలతతో పెట్టలేరని ఆమె వివరించింది. ఇది ఆపరేషన్‌లో అయిన గాయమని నా అనుభవం చెప్తున్నది అన్నది. అంతా విన్న అత్తమ్మ మర్యాదగానే అడిగింది.

"అయితే ఆ పెద్ద డాక్టరు అబద్ధం చెప్పిండా అమ్మా?"

"అబద్ధం అనను. చూడకుండ చెప్పిండు."

"ఆపరేషన్ల ఆయన లేడు, చూడలే. మీరు గూడ లేరు, మీరు గూడ చూడలే. మరి నేను ఎవరి మాట పట్టుకోవాలె?"

కోర్టులో అయితే తను ఒట్టేసి చెప్పలేనని, తన ఇంట్లో పిల్లకు ఇలా అయితే మాత్రం ఆ తల్లిని అనుమానించనని డాక్టరమ్మ చెప్పింది. నిజాయితీ ఉన్న మనిషి కాబట్టి అంతకంటే ఎక్కువ చెప్పలేదు. నాకు ఆ క్షణంలో ఆ నిజాయితీ మీద కూడా కోపం వచ్చింది. చూడకుండా చెప్పినవాడు గట్టిగా చెప్పాడు, అందరూ నమ్మారు. చూసి, నొక్కి, కొలిచి చెప్పినావిడ మెల్లగా చెప్పింది, ఆ మాట సగమే నిలబడింది.

అత్తమ్మ టీ ఇచ్చింది. తర్వాతి నెలలో అక్కను మా ఇంటికి పంపింది కూడా. ఎందుకు పంపిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అమ్మ తలంటు పోసింది, వెన్న తినిపించింది, నాడా కింద పెట్టుకోవడానికి పాత చీర చింపి మెత్తటి పట్టీలు కుట్టి ఇచ్చింది. ఇద్దరూ బర్రెల గురించి, పక్కింటి పెళ్లి గురించి మాట్లాడుకున్నారు. గాయం మాట ఎవరూ ఎత్తలేదు. డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ ఆరోగ్యం శీర్షికలో రాశాను, అచ్చయింది. చదివి ఉత్తరం రాసిన డాక్టరు ఒక్కడూ లేడు. వాతల వార్తకు సవరణ పడలేదు.

ఆపరేషన్ చేసిన యువ డాక్టరు ఏ ఊళ్లో ఉన్నాడో నేను చాలా ఏళ్లు వాకబు చేశాను, దొరకలేదు. అమ్మ ఇప్పుడు లేదు. అక్క ఉంది, మనవరాళ్లున్నారు. మొన్నామధ్య ఒళ్లు బాగాలేక కొత్త ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడి అమ్మాయి డాక్టరు ఆ మచ్చలు చూసి ఇవేంటి అని అడిగింది. నిలువు మచ్చ ఆపరేషన్‌ది అని చెప్పింది అక్క. పక్కన ఉన్న రెండిటి గురించి, ఎట్లయినయో నాకు తెల్వదు అని చెప్పింది.